సర్కారు సినిమా

మంత్రసాని చూరులోంచి కొడవలి తీసింది. నొప్పులతో మెలికలు తిరుగుతున్న అండాలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవ్వా, గా కొడవలితోని బొడ్డు కొయ్యకు. నీళ్లల్ల మరగబెట్టిన బ్లేడుతోని కొయ్యాలె. సర్కారు సినిమాల చూపెట్టిండ్రు."

"నీ మొగని బొడ్డు గూడ గిదాంతోనే కోసిన" అంది మంత్రసాని కోపంగా.

అండాలు తొలి బిడ్డ ధనుర్వాతంతో కొయ్యబారి, ఆమె ఒళ్లోనే పోయాడు. మొన్న నకిరేకల్ బడి ముందు సర్కారు వ్యాను సినిమా వేసినప్పుడే అలా ఎందుకైందో ఆమెకు తెలిసింది. అత్త లక్ష్మీనర్సమ్మ వద్దన్నా వినకుండా వెళ్లి చూసింది.

గుమ్మంలో నిలబడ్డ అత్త వైపు అండాలు ఆశగా చూసింది. అత్త గిర్రున తిరిగి వెళ్లిపోయింది. ఇక మంత్రసానికి అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు.

బిడ్డ భూమ్మీద పడి కెవ్వుమంది. మంత్రసాని కొడవలి అందుకుంది.

"ఆగు!"

పొగలు కక్కుతున్న గిన్నె పట్టుకుని లక్ష్మీనర్సమ్మ లోపలికి వచ్చింది. నీళ్లలో కొత్త బ్లేడు ఉంది. "గిదాంతోని కొయ్యి. పొద్దటి సంది మరుగుతాంది."

అండాలు నమ్మలేకపోయింది. "నీకెట్ల ఎరుక, అత్తమ్మా?"

"గానాడు నిన్ను జుట్టు వట్టి గుంజుకొద్దామనే బడికాడికి వచ్చిన. సినిమా అయిపోయెదాక నీ ఎనుకనే నిలబడ్డ" అంది లక్ష్మీనర్సమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఆడపిల్ల బతికింది. ఆ తర్వాత వాళ్ల సాలెల వాడలో ఎవరికి నొప్పులు మొదలైనా, ముందు లక్ష్మీనర్సమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది.