ఉడుత నేర్చిన కరాటే

పెరట్లో పుంజుకీ బాతుకీ ఒకటే గొడవ. ఎగిరి తన్నే కరాటే గొప్పదని పుంజు, కాళ్లు నేలకు తన్నిపెట్టి రెక్కతో గుద్దే కరాటే గొప్పదని బాతు. నిన్ననే పిల్లి నోట్లో సగం తోక పోగొట్టుకున్న ఉడుత, ఎవరి దగ్గర శిష్యరికానికి చేరాలో తేలక చూస్తోంది.

"ఏ పద్ధతైనా ముందు ఎదుటివాడికి వంగి నమస్కరించాలి," అన్నారు గురువులు. ఇద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్కటే.

అంతలో పిల్లి గోడ దూకింది. గురువులిద్దరూ వంగి నమస్కరించారు. వంచిన మెడలు చూసి పిల్లికి నోరూరింది. ఉడుత మాత్రం కీచుమని అరిచి జామచెట్టెక్కేసింది. ఆ అరుపుకి అరుగు కింద కుక్క లేచింది. పిల్లి మళ్లీ గోడ దూకింది.

"అదేం పద్ధతే?" వంగినచోటి నుంచే అడిగింది పుంజు.

"అరిచి పరుగెత్తే పద్ధతి మావయ్యా. ఇక లేవండి, పిల్లి ప్రతినమస్కారం చెయ్యకుండానే వెళ్లిపోయింది."