మగ్గుడు నీళ్లు

ముందు కంపు వచ్చింది. ఆ వెనక మనిషి వచ్చాడు.

మోకాళ్ల దాకా మురుగు. చూడగానే మెకానిక్ ముక్కు మూసుకున్నాడు.

"కాళ్లు కడుక్కోవాలి బాబూ. మగ్గుడు నీళ్లిస్తావా?"

"అక్కడే ఆగు పెద్దాయనా. లోపలికి రాకు. ఇది కార్ల షెడ్డు, కాలవగట్టు కాదు."

మామూలుగా అయితే అలా కసిరే మనిషి కాదతను. కూతురు మూడు రోజులుగా వాంతులతో ఆసుపత్రిలో ఉంది. ఏ మందుకీ తగ్గడం లేదు. ఈ కారు అప్పగిస్తే గానీ అతను అక్కడికి వెళ్లడానికి లేదు.

కారేమో మొండికేసింది. గాలి సెన్సర్ పోయిందని స్కానర్ చూపించింది. మార్చాడు. వేడి సెన్సరంది. అదీ మార్చాడు. ఇప్పుడు పెడల్ సెన్సరంటోంది.

"పూటకో పేరు చెబుతోంది దరిద్రపుది," అంటూ స్కానర్‌ని బల్ల మీదికి గిరాటేశాడు.

పెద్దాయన గుమ్మం బయటి నుంచే సంగతంతా అడిగి తెలుసుకున్నాడు.

"నాకు కార్ల గురించి తెలీదు. కానీ ముగ్గురు వరసపెట్టి పడకేశారంటే, ముగ్గురూ తాగే నీళ్లెక్కడివో చూస్తాన్నేను."

"చూద్దువుగానీ, ముందు ఇక్కణ్ణించి నడు."

పెద్దాయన గడప మీద పడిన మురుగు మరకని కాగితంతో తుడిచి మరీ వెళ్లాడు.

మెకానిక్ అక్కడ ఫినాయిల్ చల్లాడు. తిట్టుకుంటూనే మూడు సెన్సర్ల వైర్ల వెంటా వేలు పోనిచ్చాడు. మూడూ కలిసేది ఒక్క ఎర్త్ బోల్టు దగ్గరే. బ్యాటరీ కింద అది పచ్చగా కిలుం పట్టి ఉంది. గీకి బిగించి, స్కానర్‌తో పాత లోపాల కోడ్లు చెరిపి, బండి స్టార్ట్ చేశాడు. ఇంజన్ హెచ్చరిక దీపం మళ్లీ వెలగలేదు. తీసేసిన సెన్సర్లు రెండూ బల్ల మీద నిక్షేపంగా ఉన్నాయి.

అతను ఆసుపత్రికి వెళ్లేసరికి సాయంత్రమైంది. వార్డు నిండా వాళ్ల వీధి పిల్లలే. కూతురు లేచి కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి వాంతి కాలేదట.

"మందుల్లో లోపం లేదటండీ," అంది భార్య. "ఇంటి నుంచి తెచ్చి మనం తాగిస్తున్న నీళ్లేనట. పెద్ద డాక్టరుగారు పొద్దున్నే అవి పారబోయించారు. తనే వెళ్లి మన వీధి కాలవలో దిగారు. మంచినీళ్ల గొట్టం అందులోనే పగిలి ఉందట."

మెకానిక్ ముక్కుకి మళ్లీ ఆ కంపు తగిలింది. ఈసారి అది తన ఒంట్లోంచే వస్తున్నట్టుంది.

అంతలో, ఉతికిన బట్టల మీద తెల్లకోటు వేసుకున్న డాక్టరు గుమ్మంలోనే ఆగి, అతన్ని చూసి చిన్నగా నవ్వి, "ఇప్పుడు లోపలికి రావచ్చా బాబూ?" అన్నాడు.