పేర్లు చదివే ఆదివారం

శోభారాణి కీబోర్డు ప్లగ్గు పీకేసింది. చర్చి హాల్లో పాట సగంలో ఆగిపోయింది.

"ఇంక ఆ ఏడుపు పాట చాలు. ఇయ్యాల సాయంత్రం అయ్యగారి ఇంటికి వస్తున్నవా లేదా, అది చెప్పు," అంది.

వాసు నొచ్చుకున్నాడు. ఆదివారాలు ఈ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. మిగతా రోజుల్లో పాల్వంచ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో సినిమా పాటలు పాడతాడు. గుండె పగిలిన పాట పాడాలంటే ఈ ప్రాంతంలో అతని తర్వాతే ఎవరైనా. గొంతులో ఆ జీర అలాంటిది. ఆ జీరకే శోభ పడిపోయింది, పాపం. విడ్డూరం ఏమిటంటే అతగాడి గుండె ఎక్కడా పగల్లేదు. ప్రేమించిన పిల్ల ఎదురుగా నిలబడి, పెళ్ళి చేసుకో మహానుభావా అని మొత్తుకుంటోంది.

వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదువుతారు. అందుకు మొదటి ఆదివారానికి ముందురోజు సాయంత్రానికల్లా ఇద్దరూ పాస్టరయ్య ఇంటికి వెళ్ళి, పేర్లు ఇచ్చి సంతకాలు పెట్టాలి. రేపు చదివితేనే శ్రమ దినాలు రాకముందు పెళ్ళవుతుంది. అవి మొదలైతే ఈస్టర్ దాకా పెళ్ళి మాట ఎత్తకూడదు. శోభ తండ్రి కాశయ్య గనిలో పనిచేసే మనిషి, ఓపిక తక్కువ. మధిర నుంచి రైల్వే ఉద్యోగి సంబంధం వచ్చింది. ఈ సాయంత్రం వాసు పేరు ఇస్తే సరే, లేదంటే మధిర వాళ్ళకు ఊ అనేస్తానని కూతురితో తేల్చి చెప్పాడు.

వాసుకు ఇదంతా తెలుసు. తెలిసే, సాయంత్రం కాలనీలో ప్రోగ్రాం ఉందన్నాడు. స్టేజి ఎక్కాక మధ్యలో దిగడం కుదరదన్నాడు. చూద్దాం అన్నాడు. ఏడాదిగా ఆ చూద్దాం విని విని శోభకు ఒళ్ళు మండిపోతోంది.

"నువ్వు లేకుంటే నేను సచ్చిపోత శోభా. నీకు తెల్వదా?"

"నిన్ను సావమన్నదెవరు? అయ్యగారి ఇంటికి రమ్మన్న."

సరేలే, స్టేజి ఎక్కేముందు వచ్చి పోతానని ఒప్పుకున్నాడు. మళ్ళీ ప్లగ్గు పెట్టుకుని అదే పాట అందుకున్నాడు.

సాయంత్రం పాస్టరయ్య వరండాలో కాశయ్య, వెంకమ్మ, శోభ కుర్చీల్లో కూర్చున్నారు. టీలు తాగడం అయిపోయింది. ఆరోగ్యాలు, వానలు, చుట్టాల సంగతులు అన్నీ అయిపోయాయి. వాసు రాలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా శోభ తల ఎత్తడం, కాశయ్య పళ్ళు కొరకడం. పాడేటోణ్ణి నమ్ముకుంటే గిట్లనే ఉంటదని ఆయన గొణుగుతూనే ఉన్నాడు. వెంకమ్మ మోచేత్తో పొడుస్తూనే ఉంది. శోభకు ఏడుపొచ్చింది. వాసు మీద కన్నా, వాడి కోసం కూర్చున్న తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది.

పాస్టరయ్యకు సినిమా పాటలంటే గిట్టదు. ఆ పాటల్లో విడిపోయి ఏడవడమే గాని కలిసి కాపురం చేయడం ఎక్కడుందని ప్రతి ప్రసంగంలో ఏకుతుంటాడు. ప్రేమంటే ఏడుపు కాదు, ఇచ్చిన మాట మీద నిలబడడం అంటాడు. ఇప్పుడూ అదే మొదలుపెట్టబోయాడు. అంతలో కాలనీ మైకు గరగరలాడి, వాసు గొంతు వరండాలోకి వచ్చింది.

"ఈ పాట మా శోభ కోసం. తను లేకుంటే నేను లేను. జన్మంతా తనతోనే."

జనం ఈలలు వేశారు. పరువు పోయిందని కాశయ్య తల పట్టుకున్నాడు. శోభ సిగ్గుతో చచ్చిపోయింది గాని, గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగినట్టయింది. పాస్టరయ్య మాత్రం పాట అయ్యేదాకా కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఊరందరి ముందట ఒప్పుకున్నడు. ఇంతకన్న ఏం కావాలె కాశయ్యా? రేపు చర్చి అయినంక సంతకం పెడ్తడు తీయ్," అని పేర్లు రాసుకున్నాడు. సినిమా పాటను నమ్మడం తన జన్మలో ఇదే మొదలని నవ్వాడు కూడా. ఇంటికి పోతూ పోతూ కాశయ్య టెలిఫోన్ బూత్ దగ్గర ఆగి, మా అమ్మాయికి కుదిరింది, ఏమీ అనుకోవద్దని మధిరకు చెప్పేశాడు.

ఆదివారం వాసు ఆలస్యంగా వచ్చాడు. ఆరాధన అప్పటికే మొదలైంది. తల దించుకుని వెళ్ళి కీబోర్డు దగ్గర కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి శోభ చూసి నవ్వింది. ఎలాగైతేనేం, వచ్చాడు. నిన్నటి కోపం సగం అక్కడే పోయింది.

ప్రసంగం అయ్యాక పాస్టరయ్య కళ్ళజోడు సర్దుకుని చదివాడు. కాశయ్య, వెంకమ్మల కుమార్తె శోభారాణికి, ఈ సంఘంలోనే ఉన్న వాసుకు వివాహం నిశ్చయమైంది, ఇది మొదటి ప్రకటన. వెనక వరసల్లో గుసగుసలు, నవ్వులు. వెంకమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పాలని పాస్టరయ్య ఎప్పటిలాగే అడిగాడు. ఆ ప్రశ్నకు ఆ చర్చిలో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పింది లేదు. అందరూ పాటల పుస్తకాలు తెరుస్తున్నారు.

"నాకుంది అయ్యగారూ," అంటూ పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు.