మనిషి అడుగు పడని చోటు

"మూడు రోజులు నడిస్తే గానీ చేరకూడదు" అన్నాడు కెప్టెన్, మ్యాపు మీద ఎర్ర పెన్సిలు ఆనించి.

అతను ఏ ఓడకీ కెప్టెన్ కాడు. వెడల్పాటి టోపీ పెట్టుకుని జనాన్ని అడవుల్లో తిప్పుకొస్తుంటాడని బావమరిది తగిలించిన పేరది. భోజనాల బల్ల నిండా పరిచిన మ్యాపులో మూడు పక్కలా సముద్రం, నడుమ ఏడాది పొడుగునా వానలు కురిసే కారడవి. ఆ ద్వీపకల్పం నడిబొడ్డుకి పట్నం నుంచి వచ్చే జట్టుని తీసుకెళ్ళాలి.

పోయినేడు వచ్చిన జట్టులో ఒకాయన ఆఖరి మజిలీ చేరాక చుట్టూ చూసి "ఇంతేనా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో కెప్టెన్ పరువు గంగలో కలిసింది. అప్పట్నుంచీ ట్రెక్కింగ్ కోసం నరమానవుడు తొంగి చూడలేదు.

"ఈసారి కూడా ఆ మాట వినబడిందో, టోపీ విప్పేసి మా తమ్ముడి గొడుగుల షాపులో కూర్చోవాల్సిందే" అని భార్య తెగేసి చెప్పింది. బావమరిది కింద పనిచేయడం తలుచుకుంటేనే కెప్టెన్‌కి ముద్ద దిగడం లేదు.

ఎర్ర గీత అడవంతా మెలికలు తిరిగింది. పిల్లి ఆడుకున్న నూలుండలా తయారైంది.

"తిన్నగా వెళ్ళొచ్చుగా బావా?" అన్నాడు బావమరిది.

"తిన్నగా వెళ్తే అది ప్రయాణం. మెలికలు తిరిగితేనే ట్రెక్కింగ్."

"వాగు మీద వంతెన ఉందిగా?"

"ఉంది కాబట్టే దిగువకి పోయి నడుంలోతు నీళ్ళలో దాటాలి. వంతెన దాటడానికి వాళ్ళు సెలవు పెట్టి రావాలా?"

జలగల సంగతి కూడా తేలిపోయింది. అవి మొదటిరోజే తగలాలి. ఒంటికి జలగ పట్టకుండా ఇల్లు చేరినవాణ్ణి ఆఫీసులో ఎవరూ పట్టించుకోరట.

"ఫోన్లు?" అంది భార్య.

"బయల్దేరే ముందే లాగేసుకుంటాను. నడి అడవిలో సిగ్నల్ ఉండకూడదు."

తర్వాత అద్దం ముందు నిలబడి, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ "దారి తప్పామనుకుంటా" అని నాలుగైదు రకాలుగా అని చూసుకున్నాడు. భార్య ముక్కున వేలేసుకుంది.

"దారి తప్పడం కూడా ముందే అనుకుంటారా?"

"రెండో రోజు, భోజనానికి ముందు. ఆకలి మీద ఉంటే భయం బాగా పట్టుకుంటుంది."

"మరి మూడో రోజు నేనేం చేయను?"

"నోరు మెదపకుండా ఉండు. అదే పదివేలు."

జట్టు దిగింది. ఒక్కొక్కరి వీపు మీదా ఒక్కో కాపురానికి సరిపడా సామాను. వీధి గుమ్మంలో భార్య "జాగ్రత్తండీ" అంటే కెప్టెన్ తలూపి ముందు నడిచాడు.

అన్నీ అనుకున్నట్టే జరిగాయి. వాన దంచి కొట్టింది. జలగలు మాట నిలబెట్టుకున్నాయి. రెండో రోజు దారి తప్పినప్పుడు ఒక బ్యాంకు మేనేజరు విడిపోయిన భార్యకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు. మూడో రోజు సాయంత్రం, దట్టమైన ఆకుల గుబుర్ల ముందు కెప్టెన్ ఆగాడు.

"ఇదే నడి అడవి."

కళ్ళద్దాల డాక్టరు చుట్టూ చూశాడు. నోరు తెరిచాడు. కెప్టెన్ చెయ్యి టోపీ మీదకి పోయింది.

"ఎంత నిశ్శబ్దం!" అంటూ డాక్టరు బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "సృష్టి మొదలైనప్పట్నుంచీ ఇక్కడ మనిషి అడుగు పడి ఉండదు!" అని బావురుమన్నాడు.

ఆ ఏడుపు విని, ఆకుల గుబుర్ల వెనకున్న వాళ్ళింటి పెరటి గోడకి అవతల, తీగ మీది బట్టలు తీస్తున్న కెప్టెన్ భార్య హమ్మయ్య అనుకుని, చప్పుడు కాకుండా వంటింటి తలుపు వేసుకుంది.