ఫ్లాష్ కొట్టనివాడు

“దీనికేమైనా అయితే నేను బతకను. అసలు కళ్ళే తెరవకపోతే?”

తల్లి పొద్దుటినుంచీ అదే మాట.

“తెరుస్తుందమ్మా. తలకి దెబ్బ కదా, నిద్రపోనివ్వండి. ఉలిక్కిపడకుండా చూసుకోండి, అంతే” అంది నర్సు.

బోల్తాపడ్డ బస్సులోంచి తెచ్చినవాళ్ళతో వార్డు నిండిపోయింది. కూతురిది గుమ్మం పక్క మంచం.

అప్పుడే వచ్చిపడ్డారు పేపర్లవాళ్ళు, పుండు మీద ఈగల్లా.

తెల్లటి మెరుపులు. మెరుపు మెరుపుకీ పిల్ల ఒళ్ళు అదిరిపడుతోంది.

“కొంచెం జరగమ్మా, కట్టు కనపడాలి!” అన్నాడొకడు.

“మొహం కప్పుకోకు పెద్దమ్మా, ఏడుపు బాగా వస్తోంది” అన్నాడింకొకడు.

తల్లి చేతిలో ఉన్న తడి తువ్వాలు ఝాడించి అందర్నీ బయటికి తరిమింది.

తిరిగి చూస్తే ఒకడు మిగిలాడు.

ఆ చివర, కిటికీ పక్క మంచం దగ్గర. మెడలో ప్రెస్ కార్డు, కెమెరాకి గిన్నెమూతంత లెన్సు. మంచం మీది ఆడమనిషికి ముక్కులో ఆక్సిజన్ గొట్టం. వాడు ఆమె నుదుటి మీద జుట్టు సర్దుతున్నాడు.

ఫొటో కోసం ముస్తాబు చేస్తున్నాడు! ఛీ, వీడి చేతులు విరగ!

“నీకు వేరే చెప్పాలా? నడు బయటికి!”

“ఫ్లాష్ కొట్టనమ్మా. ఈ లెన్సుకి కిటికీ వెలుతురు చాలు.”

“దొంగకి చీకటైనా చాలు.”

“ఇప్పుడే కళ్ళు తెరిచిందమ్మా. ఒక్కటి తీసుకోనివ్వండి.”

ఎంత నంగనాచి గొంతు! తల్లి లెన్సుకి అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

“ఈ గతిలో ఉన్న ఆవిణ్ణి తియ్యడానికి చేతులెలా వస్తాయిరా? నీ ఇంట్లో ఆడవాళ్ళు లేరట్రా?”

అతను కెమెరా దించేశాడు. మంచం అంచున కూర్చుని ఆమె కళ్ళలోకే చూస్తూ ఉండిపోయాడు.

“తిట్టినా కదలడే! సిగ్గులేని జన్మ!”

ఆ కళ్ళు మెల్లగా మూతపడ్డాయి.

నర్సు పరుగెత్తుకొచ్చింది. డాక్టరు వచ్చి నాడి చూశాడు, గొట్టం తీసేశాడు. దుప్పటి మొహం మీదికి వచ్చింది.



అతను తలెత్తి, తల్లి అడిగినదానికి జవాబు చెప్పాడు.

“ఒక్కతే ఉండేదమ్మా, ఇందాకటిదాకా. ఈమే.”