తాళం వెయ్యని రోజు

జూట్‌మిల్లు కూత వినగానే, తలుపుకి తాళం వెయ్యలేదని పైడమ్మకి గుర్తొచ్చింది. కూరల సంచి బజార్లోనే వదిలేసి పరుగెత్తింది.

మతిమరుపు జబ్బు ముదిరినా, ఆ కూత వింటే చాలు, మొగుడు గురువులు ఖాళీ క్యారేజీ పట్టుకుని డ్యూటీకి బయల్దేరేవాడు. తాళం వేస్తే తలుపు బాదేవాడు. ఈమధ్య బాదడం మానేస్తే, అలవాటు పడ్డాడనుకుంది.

మిల్లు గేటు దగ్గర లేడు. రైలు పట్టాల వైపూ లేడు. ఇంటికొచ్చింది.

తలుపు బార్లా తీసే ఉంది. గురువులు కుర్చీలోనే, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఎక్కడికీ ఎల్నేదు. అదృష్టం కాదేటి?" అంది పక్కింటామె.

పైడమ్మ క్యారేజీ తెచ్చి అతని చేతికి పట్టించింది. వేళ్లు బిగియలేదు.

"మావా, మిల్లు కూసీసింది. లెగు. ఎంత దూరమెల్లినా నానెతుక్కుంటాను."