కుడిచేతి కట్టు

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నేను రాసేది నెమ్మదిగా. ఈ ఒక్క పేజీకి పదకొండు రోజులు పట్టింది. అయినా అక్షరాల తప్పులుంటాయి, దిద్దుకుని చదవండి. హోటల్ అమ్మాయి సయోరి మనసులో అనుకున్నవీ, ఆమె చెవిన పడ్డవీ అన్నీ తను తర్వాత చెప్పినవే.

కుడిచేతికి తెల్లటి కట్టుతో ఒక పెద్దావిడ గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. కౌంటర్లో ఉన్న సయోరి నిటారుగా నిలబడింది.

"ఈవిడే అయ్యుంటుంది," అన్నాడు పక్కన నిలబడ్డ మేనేజర్ కురొసె, పెదవులు కదలకుండా.

హిమేజీ స్టేషన్ వెనక ఉన్న ఆ హోటల్ యూరప్‌నంతా ఆరంతస్తుల్లో కుక్కినట్టుంటుంది. ఎర్ర ఇటుకల గడియార స్తంభం, రెక్కల బొమ్మలు, చెక్కుడు తలుపులు. గదులకు నంబర్లుండవు. వియన్నా, వెనిస్, ప్రాగ్ అని తలుపుల మీద ఊళ్ల పేర్లుంటాయి.

ఆ వారంలో పెద్దాఫీసు నుంచి తనిఖీ మనిషి మామూలు అతిథిలా వచ్చి దిగుతారని కబురు. పోయినసారి ఒకయామా శాఖకు చక్రాల కుర్చీలో వచ్చినాయన, వెళ్లేటప్పుడు లేచి నడుచుకుంటూ పోయాడట. సయోరి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె మీద అప్పటికే ఒక ఫిర్యాదు ఉంది. ఇంకొక్కటి వస్తే తనూ కాపాడలేనని కురొసె తేల్చి చెప్పాడు.

"మీ పేరు, ఊరు ఇక్కడ రాయండి," అంటూ సయోరి కార్డు ముందుకు జరిపింది.

"చెయ్యి చూశావుగా అమ్మాయీ. నువ్వే రాసిపెట్టు."

అతిథి తన చేత్తోనే రాయాలన్నది నియమం. రాసిపెడితే నియమం తప్పినట్టు, కుదరదంటే మర్యాద తప్పినట్టు. సయోరి ఒక్క క్షణం తటపటాయించి కలం తీసుకుంది.

"హమాసాకి కినుయో. ఊరు తత్సునో," అంది పెద్దావిడ. "ఏం రాశావో ఒకసారి చదువు."

సయోరి చదివింది.

పెళ్లివాళ్లు దిగడంతో ప్రాగ్ గది ఒక్కటే ఖాళీగా ఉంది. అందులో ముఖం కడుక్కునే చోట వేడినీళ్ల కుళాయి పాడైంది, తిప్పితే మరిగే నీళ్లే వస్తాయి. "కాగితం అంటించావా?" అని గొణిగాడు కురొసె. "ఎర్రక్షరాలతో, అరచేయంత," అంది సయోరి.

మెట్ల దగ్గర పెద్దావిడ ఆగి, గడియార స్తంభం ఇటుకల్ని ఎడమచేత్తో తడిమింది. "ఇవి మా ఆయన పేర్చినవి. ఒక్క రాత్రి ఇక్కడ ఉందామనేవాడు. తనే ముందు పోయాడు."

కథ బాగానే తయారుచేసుకొచ్చింది అనుకుంది సయోరి. దుమ్ముందేమో చూస్తోందని కూడా అనుకుంది.

రాత్రి భోజనం దగ్గర ఆవిడ కళ్లజోడు మరిచిపోయానంది. ఉల్లిపాయ సూపు నుంచి చివరి కేకు దాకా జాబితా మొత్తం సయోరే చదివి వినిపించింది.

"ఇన్ని చదివావు, ఇందులో అన్నం ఎక్కడుందే తల్లీ?" అని అడిగింది ఆవిడ.

వడ్డించే దోజిమా వంటింట్లోకి వచ్చి కురొసె చెవిలో ఊదాడు. "సూపు గిన్నె కుడిచేత్తోనే ఎత్తి తాగేసింది. నొప్పి లేదు, గిప్పి లేదు. ఆ కట్టు ఉత్త వేషం."

"నాకు ముందే తెలుసు," అన్నాడు కురొసె. "నువ్వు మాత్రం నోరు జారకు సయోరీ."

భోజనమయ్యాక ఆవిడ నడవాలో అటూ ఇటూ తిరుగుతూ కనిపించింది. ప్రాగ్ గదిని రెండుసార్లు దాటిపోయింది.

"తలుపులన్నీ ఒక్కలాగే ఏడ్చాయి," అంది సయోరిని చూసి.

సయోరి తన జడ రిబ్బను విప్పి ప్రాగ్ తలుపు పిడికి కట్టింది. పెద్దావిడ ఆ రిబ్బను వంక చాలాసేపు చూసింది. ఆ చూపే సయోరిని ఎక్కువ భయపెట్టింది.

తెల్లవారి ఏడింటికి ప్రాగ్ గదిలోంచి కేక వినబడింది.

సయోరి పరిగెత్తింది. స్నానాల గది నిండా ఆవిరి. కుళాయి పక్కనే అద్దానికి ఎర్రక్షరాల కాగితం, అంటించింది అంటించినట్టే ఉంది. పెద్దావిడ ఎడమచెయ్యి మణికట్టు దాకా కందిపోయింది.

ఆ చేతిని తొట్టిలోని చన్నీళ్ల ధార కింద పెట్టించి, సయోరి మందుల పెట్టె తెచ్చింది. కట్టు గుడ్డ నిండుకుంది. ఈ లోపం కూడా తన లెక్కలోకే వస్తుంది.

"దీనికెందుకమ్మా ఏడుపు. ఇదిగో, ఇది వాడు," అంటూ పెద్దావిడ కుడిచేతి కట్టును చుట్టు చుట్టుగా విప్పింది.

కింద గాయం లేదు. చిన్న గీత కూడా లేదు.

గుమ్మంలోకి వచ్చిన కురొసె ఆ చేతిని చూశాడు, కాగితాన్ని చూశాడు. "అంత పెద్దగా రాసి పెట్టాం మేడమ్. చూసి కూడా తిప్పారంటే, ఈ పిల్ల ఏం చేస్తుందో చూద్దామనేగా?"

సయోరి నడుము వంచి తల దించింది. "మీరు తనిఖీకి వచ్చారని నాకు మొదటినుంచీ తెలుసు. కానీ చెయ్యి నిజంగానే కాలింది కదా. కాగితం అంటించి ఊరుకున్నాను, నోటితో ఒక్క మాట చెప్పలేదు. తప్పు నాదే. అలాగే రాయండి." జేబులోంచి కలం తీసి రెండు చేతులతో అందించింది.

పెద్దావిడ కలాన్ని ముట్టుకోలేదు. కురొసె బయటికి వెళ్లేదాకా ఆగింది. తర్వాత సయోరి చెవి దగ్గరికి వంగింది.

"ఆ కాగితంలో ఏముందో చదవడమే వస్తే, ఆ కుళాయి ఎందుకు తిప్పుతానే అమ్మాయీ, ఈ కట్టు ఎందుకు కట్టుకుంటాను?"

— హమాసాకి కినుయో, డెబ్బై ఆరేళ్లు. ఇప్పుడు ఉంటున్నది అమగసాకిలో, అక్షరాలు నేర్పే రాత్రిబడి పక్కనే.